నిండు ఇటుక గోడ, సగటు లెక్క: కీరన్ కఫ్ రాజకీయ జీవితంపై ఒక కేస్ స్టడీ

డబ్లిన్ నగరంలో లిఫీ నదికి ఉత్తరాన ఎర్ర ఇటుకల వరస ఇళ్లు వీధులకు వీధులు ఉంటాయి. వాటిలో ఒక అద్దె ఇంటికి ఇంధన రేటింగ్ ఇవ్వడానికి ఒక జనవరి ఉదయం వెళ్లాను. ముందు గది కిటికీ మూలన నల్లటి బూజు పట్టి ఉంది. గోడకు గాలి ఆడడం కోసం వదిలిన రంధ్రంలో, చలికి తట్టుకోలేక, అద్దెకున్నవాళ్లు పాత తువ్వాలు కుక్కారు. గాలి ఆడక తేమ పెరిగి బూజు వచ్చింది, రంధ్రం తెరిస్తే పిల్లలు వణుకుతారు. నిచ్చెన వేసి అటక మూత తీసి టేపు పెట్టి చూస్తే, 300 మిల్లీమీటర్ల మందాన ఉండవలసిన ఇన్సులేషన్ దూది ఎప్పుడో పరిచింది అణగిపోయి 100 కూడా లేదు. ఇంటి గోడలు నిండు ఇటుకవి, అంటే రెండు వరసల నడుమ ఖాళీ ఉండి దానిలో ఇన్సులేషన్ నింపే వీలున్న గోడలు కావు. ఈ వివరాలన్నిటినీ గ్యాస్ బాయిలర్ వయసుతో, కిటికీల కొలతలతో కలిపి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాక వచ్చిన రేటింగ్ ఈ2.

ఐర్లండ్‌లో ఇళ్లకు ఇచ్చే ఈ రేటింగ్‌ను బీఈఆర్ అంటారు. ఏ1 నుంచి జీ దాకా 15 మెట్లు. ఈ2 అంటే ఆ ఇంటికి వెచ్చదనం, వేడినీళ్లు, వెలుతురు, గాలి కోసం ఏడాదికి చదరపు మీటరుకు 340 నుంచి 380 కిలోవాట్ అవర్ల శక్తి కావాలని అర్థం. 2030 నాటికి 5 లక్షల ఇళ్లను బీ2 స్థాయికి తేవాలన్నది ఐర్లండ్ ప్రభుత్వ లక్ష్యం. బీ2కి 125 లోపు చాలు. డబ్లిన్‌లో ఇల్లు వెతుక్కునే మన తెలుగువాళ్లు కూడా ఇప్పుడు గదులెన్ని అని అడిగిన నోటితోనే బీఈఆర్ ఎంత అని అడుగుతున్నారు, ఎందుకంటే చలికాలపు గ్యాస్ బిల్లు అద్దె తర్వాతి పెద్ద ఖర్చు.

ఆ రోజు రేటింగ్ కాగితం పూర్తి చేస్తున్నప్పుడు నా మనసులో మెదిలిన పేరు కీరన్ కఫ్. యూరప్ ఖండమంతటా ఇలాంటి ఇళ్ల గతి మార్చడానికి తలపెట్టిన చట్టాన్ని యూరోపియన్ పార్లమెంటు తరఫున నడిపిన మనిషి, అంతకుముందు ఈ ఉత్తర నగర వార్డుకే కౌన్సిలరు. భవనాల ఇంధన మదింపు వృత్తిలో ఉన్న వ్యక్తిగా నేను ఈ కేసును ఎంచుకోవడానికి కారణం అదే. ఆయన వార్డు స్థాయిలో నేర్చుకున్నది బ్రస్సెల్స్ దాకా ఎంత చేరింది, దారిలో ఏది వదులుకోవలసి వచ్చింది, ఆ వదులుకున్నదాని వల్ల నేను కొలిచిన ఆ ఇంటికి ఏమైంది అన్నది నా ప్రశ్న.

కౌన్సిలరు చేతికి అందేది, అందనిది

కఫ్ చదువు వాస్తుశిల్పం, నగర ప్రణాళిక. 1991లో గ్రీన్ పార్టీ తరఫున డబ్లిన్ సిటీ కౌన్సిల్‌కు తొలిసారి ఎన్నికయ్యారు. అప్పటికి ఆ పార్టీ పుట్టి పదేళ్లు. ఐర్లండ్ స్థానిక సంస్థల పద్ధతి తెలియకపోతే ఆయన తొలి పదేళ్ల పని అర్థం కాదు. అక్కడ పరిపాలనాధికారం ఎక్కువ భాగం ఎన్నికైన కౌన్సిలర్లది కాదు, నియమితుడైన ముఖ్య అధికారిది. డబ్లిన్ మేయరు పదవి ఏడాది పాటు ఉండే గౌరవ హోదా. కౌన్సిలర్లకు నేరుగా దక్కిన పెద్ద అధికారాల్లో ఒకటి నగరాభివృద్ధి ప్రణాళికను ఆమోదించడం, అంటే ఏ భూమి ఏ జోన్‌లో ఉండాలో ఓటు వేసి తేల్చడం. పొలం రాత్రికి రాత్రి నివాస జోన్ అయితే దాని ధర ఏమవుతుందో తెలుగు పాఠకులకు ఒకరు చెప్పనక్కరలేదు. డబ్లిన్ కౌంటీ కౌన్సిల్‌లో ఆ ఓట్ల చుట్టూ నడిచిన లంచాల మీద 1997లో మొదలైన విచారణ ట్రిబ్యునల్ తుది నివేదిక 2012లో గానీ రాలేదు.

ఆ వాతావరణంలో రాజకీయం నేర్చుకున్న ప్రణాళికా నిపుణుడు మంత్రి పదవిలో ఏం చేశాడన్నది ఇక్కడ చూడాలి. కఫ్ 2002లో డన్ లీరీ నియోజకవర్గం నుంచి ఐర్లండ్ దిగువ సభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాదే ఇబ్బందిలో పడ్డారు. తల్లి నుంచి వారసత్వంగా వచ్చిన షేర్లలో చమురు కంపెనీలవి కూడా ఉన్నాయని బయటపడడంతో, పార్టీ పర్యావరణ ప్రతినిధి హోదాకు రాజీనామా చేశారు. గ్రీన్ నాయకుడికి ఇది చిన్న దెబ్బ కాదు, దాన్ని దాటవేసి ఆయన కథ చెప్పడం న్యాయమూ కాదు. 2007లో మళ్లీ గెలిచారు. ఆ ఏడాదే ఆరుగురు సభ్యులున్న గ్రీన్ పార్టీ ఫియానా ఫాల్ అనే పెద్ద పార్టీతో కలిసి ప్రభుత్వంలో చేరింది. 2010 మార్చిలో కఫ్ సహాయ మంత్రి అయ్యారు. ప్రణాళిక, వారసత్వ కట్టడాలు, సుస్థిర ప్రయాణం, ఉద్యాన రంగం ఆయన శాఖలు. 2011 జనవరిలో పార్టీ ప్రభుత్వం నుంచి వైదొలగడంతో పదవి ముగిసింది. మొత్తం పది నెలలు.

ఆ పది నెలల్లో ప్రణాళికా చట్టానికి 2010 సవరణ వచ్చింది. నా దృష్టిలో అది ఆయన తొలి ఇరవై ఏళ్ల పనిలో అన్నిటికన్నా గట్టిది. ప్రతి కౌన్సిల్ తన అభివృద్ధి ప్రణాళికలో ఒక మూల వ్యూహం రాయాలని, రాబోయే జనాభాకు ఎన్ని ఇళ్లు కావాలో, అందుకు ఎంత భూమిని నివాస జోన్‌గా చూపుతున్నారో లెక్క కట్టాలని, ఆ లెక్క ప్రాంతీయ, జాతీయ ప్రణాళికలతో సరిపోవాలని ఆ చట్టం చెప్పింది. కౌన్సిలరు ఓటు హక్కు ఎవరూ తీసేయలేదు, కానీ ఆ ఓటు ఒక లెక్కకు జవాబు చెప్పవలసి వచ్చింది. ఊళ్ల అంచున సగం కట్టి వదిలేసిన కాలనీలు దేశమంతా దెయ్యాల కొంపల్లా నిలబడి ఉన్న సంవత్సరమది. ఇది ముందే ఉండవలసిన చట్టం అని అప్పుడు చాలామంది అన్నారు, నేనూ అదే అంటాను.

2011 ఎన్నికల్లో గ్రీన్ పార్టీ ఆరు సీట్లూ పోయాయి. జాతీయంగా వచ్చిన ఓటు 1.8 శాతం. 2 శాతం దాటితేనే పార్టీలకు ప్రభుత్వ నిధులు అందుతాయి కాబట్టి ఆ ఆసరా కూడా పోయింది. కఫ్ డబ్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పట్టణ పునరుద్ధరణ పాఠాలు చెప్పారు. మూడేళ్ల తర్వాత, 2014లో, మాజీ మంత్రి మళ్లీ కౌన్సిలరుగా నిలబడ్డారు. ఈసారి నది ఉత్తరపు వార్డు నుంచి గెలిచి, నగర రవాణా విధాన కమిటీకి అధ్యక్షులయ్యారు. మంత్రిగా పనిచేసినవాళ్లు వార్డు స్థాయికి తిరిగి రావడం ఎక్కడైనా అరుదు. దాన్ని కొందరు దిగజారడమని అంటారు. ఆ తరువాతి ఐదేళ్లలో ఆయన చూసిన ఓటములే యూరోపియన్ పార్లమెంటుకు ఆయన్ని సిద్ధం చేశాయని నేను అనుకుంటాను.

ఒక్క ఉదాహరణ చెబుతాను. ట్రినిటీ కాలేజీ ముఖద్వారం ఎదుట ఉన్న కాలేజ్ గ్రీన్ కూడలిని వాహనాలు లేని చౌకుగా మార్చాలని కౌన్సిల్ తలపెట్టింది. 2009లో అక్కడ బస్సులకు, టాక్సీలకు, సైకిళ్లకు మాత్రమే దారి వదిలే నిబంధన వచ్చినప్పటి నుంచీ ఇది చర్చల్లో ఉన్న మాటే. చివరికి ఆ ప్రణాళికను 2018 నవంబరులో జాతీయ ప్రణాళికా బోర్డు తిరస్కరించింది. బస్సుల రాకపోకలకు, చుట్టుపక్కల ట్రాఫిక్‌కు కలిగే నష్టాన్ని కౌన్సిల్ సరిగా లెక్కించలేదన్నది ప్రధాన అభ్యంతరం. నడిచేవాళ్లకు మేలు చేసే పథకం బస్సెక్కేవాళ్ల లెక్క తేలక ఆగిపోయింది. నది వెంట సైకిల్ బాట సంగతి కూడా ఏళ్ల తరబడి నమూనాల మీద నమూనాలుగా సాగింది. మంచి ఉద్దేశం ఎంత ఉన్నా, దాని భారం ఎవరి మీద పడుతుందో అంకెల్లో చూపకపోతే అది నిలవదని రవాణా కమిటీ అధ్యక్షుడికి అంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

యూరోపియన్ పార్లమెంటులో

2019 మే ఎన్నికల్లో కఫ్ డబ్లిన్ నుంచి యూరోపియన్ పార్లమెంటుకు పోటీ చేసి 63,849 మొదటి ప్రాధాన్య ఓట్లతో అందరికన్నా ముందు నిలిచారు. అది 17.5 శాతం. నాలుగు సీట్ల నియోజకవర్గంలో కోటా 20 శాతం, కనుక మొదటి స్థానంలో ఉన్నా ఇతరుల రెండో, మూడో ప్రాధాన్యాలు బదిలీ అయి వస్తేనే గెలుపు. ఐర్లండ్ ఎన్నికల పద్ధతిలో చిన్న పార్టీ బతికేది ఈ బదిలీల మీదే. తనను మొదట ఎంచుకోనివాడికి కూడా తాను సమ్మతమయ్యేలా మాట్లాడడం అక్కడ ప్రతి గ్రీన్ అభ్యర్థికీ అలవాటైన విద్య. ఆ విద్య అవసరం బ్రస్సెల్స్‌లో ఇంకా ఎక్కువ, ఎందుకంటే 705 మంది సభ్యుల సభలో ఆయన ఉన్న గ్రీన్ గ్రూపు సుమారు పదో వంతు మాత్రమే.

2021 డిసెంబరు 15న యూరోపియన్ కమిషన్ భవనాల ఇంధన పనితీరు ఆదేశానికి సవరణ ప్రతిపాదించింది. యూరోపియన్ యూనియన్‌లో వాడే శక్తిలో 40 శాతం, శక్తికి సంబంధించిన గ్రీన్‌హౌస్ వాయువుల్లో 36 శాతం భవనాల వాటా. ఈ బిల్లుకు పార్లమెంటు పరిశ్రమ, ఇంధన కమిటీ కఫ్‌ను రాపోర్టరుగా ఎంచుకుంది. రాపోర్టర్ అంటే ఆ బిల్లు మీద పార్లమెంటు వైఖరిని రాసి, మిగతా గ్రూపుల ప్రతినిధులతో బేరమాడి, సభలో నెగ్గించి, ఆ తరువాత సభ్య దేశాల మంత్రుల మండలితోనూ కమిషన్‌తోనూ జరిగే మూడు పక్షాల చర్చల్లో పార్లమెంటు తరఫున కూర్చునే వ్యక్తి. అంటే తన పార్టీ మాటను మాత్రమే కాక, సభలో నెగ్గిన మాటను మోయాలి.

కమిషన్ ప్రతిపాదనలోని కీలకం ఇది. ఇళ్లను ఏ నుంచి జీ దాకా వర్గీకరించి, జీలో ఉన్నవి 2030కి ఎఫ్‌కు, 2033కి ఈకి చేరాలని చెప్పింది. కఫ్ నడిపిన పార్లమెంటు వైఖరి అంతకన్నా ఒక మెట్టు పైకెళ్లి, ఇళ్లన్నీ 2030కి ఈకి, 2033కి డీకి చేరాలని కోరింది. 2023 మార్చి 14న సభ దీన్ని 343 ఓట్లతో ఆమోదించింది, 216 మంది వ్యతిరేకించారు, 78 మంది తటస్థంగా ఉన్నారు. పని చేసేవాడిగా నాకు ఆ వైఖరిలో నచ్చింది దాని సూటిదనం. నేను జనవరిలో కొలిచిన ఇంటికి అది ఒక తేదీ ఇచ్చింది. ఫలానా నాటికి ఈ గోడ, ఈ అటక, ఈ కిటికీ బాగుపడి తీరాలి, ఇంటి యజమాని ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేదు.

అదే సూటిదనం మీద తుపాను రేగింది. ఇటలీలో సొంత ఇళ్లవాళ్లు ఎక్కువ, పాత ఇళ్లూ ఎక్కువ. జార్జియా మెలోనీ ప్రభుత్వం ఈ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించింది. జర్మనీలో అదే వసంతంలో గ్రీన్ పార్టీ మంత్రి రాబర్ట్ హాబెక్ తెచ్చిన బాయిలర్ల చట్టం మీద పెద్ద గొడవ నడిచింది. ఆ రెండు చోట్లా జనం అడిగిన ప్రశ్న ఒకటే: డబ్బు ఎవరు పెడతారు? ఆ ప్రశ్నను స్వార్థమని కొట్టిపారేసినవాళ్లు మా వృత్తిలోనూ ఉన్నారు. పింఛను మీద బతికే ముసలావిడ ఇంట్లో కూర్చుని, ఆవిడ ఇంటికి కావలసిన మరమ్మతుల అంచనా కాగితం ఆవిడ చేతిలో పెట్టినవాళ్లు ఆ మాట అనలేరు.

2023 డిసెంబరు 7న, మంత్రుల మండలికి స్పెయిన్ అధ్యక్షత వహిస్తున్నప్పుడు కుదిరిన రాజీలో ఇళ్లకు ఒక్కొక్కదానికీ పెట్టిన తేదీ పోయింది. దాని స్థానంలో సగటు వచ్చింది. ప్రతి దేశం తన ఇళ్లన్నిటి సగటు ప్రాథమిక శక్తి (ఇంధన మూలం దగ్గర లెక్కించే మొత్తం శక్తి) వాడకాన్ని 2020తో పోలిస్తే 2030కి 16 శాతం, 2035కి 20 నుంచి 22 శాతం తగ్గించాలి. ఆ తగ్గింపులో కనీసం 55 శాతం అన్నిటికన్నా అధ్వానంగా ఉన్న 43 శాతం ఇళ్ల నుంచి రావాలి. ఏ ఇల్లు, ఎప్పుడు అన్నది ఆయా దేశాల ఇష్టం. దుకాణాలు, ఆఫీసుల వంటి నివాసేతర భవనాలకు మాత్రం కనీస ప్రమాణం నిలిచింది: అధ్వానమైన 16 శాతం 2030కి, 26 శాతం 2033కి బాగుపడాలి. కొత్త ప్రభుత్వ భవనాలు 2028 నుంచి, కొత్త భవనాలన్నీ 2030 నుంచి ఉద్గారాలు లేనివి కావాలి. శిలాజ ఇంధనంతో మాత్రమే నడిచే బాయిలర్లకు 2025 నుంచి సబ్సిడీ ఆగాలి. ప్రజలకు ఒకే చోట సలహా, రుణం, కాంట్రాక్టరు దొరికే కేంద్రాలు రావాలి. మూడుకు మించి కార్లు నిలిపే స్థలమున్న కొత్త నివాస భవనాల్లో ఇంటికి రెండు సైకిళ్లకు చోటు వదలాలి.

2024 మార్చి 12న సభ దీన్ని 370 ఓట్లతో ఆమోదించింది, 199 వ్యతిరేకం, 46 తటస్థం. ఏడాది ముందటి ఓటుతో పోల్చండి: 27 ఓట్లు పెరిగాయి, వ్యతిరేకం 17 తగ్గింది. ఏప్రిల్‌లో మంత్రుల మండలిలో ఇటలీ, హంగరీ వ్యతిరేకంగా ఓటు వేసినా చట్టం నెగ్గింది. మే 28న అమలులోకి వచ్చింది. జాతీయ చట్టాల్లోకి మార్చుకోవడానికి దేశాలకిచ్చిన గడువు 2026 మే 29.

నా మదింపు

సగటు లెక్కకు ఒప్పుకోకపోతే చట్టమే మిగిలేది కాదని నా నమ్మకం. 2023 చివరికి యూరప్ రాజకీయ గాలి ఎటు వీస్తున్నదో చూసినవాళ్లకు ఇందులో పెద్ద సందేహం ఉండనక్కరలేదు. 43 శాతం ఇళ్ల నుంచి 55 శాతం తగ్గింపు అన్న షరతు నిలబెట్టుకోవడం మామూలు విజయం కాదు. అది లేకపోతే దేశాలు డబ్బున్నవాళ్ల మంచి ఇళ్లను మరింత మంచివిగా మార్చి సగటు చూపించి చేతులు దులుపుకొనేవి. 2010 చట్టంలో కౌన్సిలరు ఓటును జనాభా లెక్కకు కట్టిన పద్ధతికీ దీనికీ పోలిక కనిపిస్తుంది. దేశానికి స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛ ఒక అంకెకు జవాబు చెప్పాలి.

అయినా ఒకచోట నా అసమ్మతి గట్టిగా చెబుతాను. సొంతింటివాళ్లకు సగటు లెక్క సరిపోవచ్చు, అద్దె ఇళ్లకు ఇంటింటికీ కనీస ప్రమాణం ఉండి తీరవలసింది. సొంతింట్లో ఖర్చు పెట్టేదీ లాభపడేదీ ఒకరే. అద్దె ఇంట్లో ఖర్చు యజమానిది, వెచ్చదనం అద్దెదారుడిది, కాబట్టి తేదీ పెట్టి చెప్పకపోతే యజమాని కదలడు. కదిలినా అద్దెదారుడికి మరో ప్రమాదం ఉంది. ఐర్లండ్‌లో అద్దె పెంపుపై పరిమితి ఉన్న ప్రాంతాల్లో, ఇంటి రేటింగ్ ఏడు మెట్లు పెరిగేలా బాగుచేస్తే ఆ పరిమితి నుంచి మినహాయింపు దొరికే నిబంధన 2019లో వచ్చింది. నేను కొలిచిన ఇల్లు ఈ2, లక్ష్యం బీ2. వేళ్ల మీద లెక్కపెడితే ఎనిమిది మెట్లు. అంటే ప్రభుత్వం కోరిన స్థాయికి ఆ ఇంటిని తెచ్చిన రోజే అద్దె పరిమితి ఎగిరిపోయే అవకాశం ఏర్పడుతుంది, వెచ్చబడిన ఇంట్లో ఉండే స్తోమత పాత కుటుంబానికి ఉండకపోవచ్చు. యూరప్ ఆదేశంలో బలహీన కుటుంబాలకు రక్షణ కల్పించాలని, అద్దె సాయం గానీ అద్దె పెంపుకు పరిమితి గానీ అందుకు మార్గాలని రాసి ఉంది. ఆ వాక్యం ఉండడం మంచిదే. దానికి ప్రాణం పోయవలసింది మాత్రం డబ్లిన్‌లో, రోమ్‌లో, వార్సాలో కూర్చున్న ప్రభుత్వాలు.

ఓటర్ల తీర్పు చట్టం అమలులోకి వచ్చిన పది రోజులకే జరిగిన ఎన్నికల్లో వచ్చింది. 2024 జూన్‌లో డబ్లిన్ నాలుగు సీట్లూ ఇతరులకు వెళ్లాయి, కఫ్ ఓడిపోయారు. దక్షిణ నియోజకవర్గంలో గ్రేస్ ఓ సల్లివాన్ కూడా ఓడిపోవడంతో ఐర్లండ్ గ్రీన్‌లకు యూరోపియన్ పార్లమెంటులో ఎవరూ మిగలలేదు. అదే రోజు జరిగిన స్థానిక ఎన్నికల్లో వారి కౌన్సిలర్లు 49 నుంచి 23కు తగ్గారు. నవంబరులో దిగువ సభ సీట్లు 12 నుంచి ఒకటికి పడ్డాయి. ప్రభుత్వంలో చేరి చేసిన పనికి చెల్లించిన ధర 2011లో ఒకసారి, 2024లో మరోసారి. ఈ పార్టీని దగ్గరగా చూసినవాళ్లకు ఇది కొత్త బాధ కాదు. ఆ డిసెంబరులో డబ్లిన్‌లోనే జరిగిన యూరోపియన్ గ్రీన్ పార్టీ మహాసభ వూలా త్సెత్సీతో పాటు కఫ్‌ను సహాధ్యక్షుడిగా ఎన్నుకుంది. ప్రజల ఓటుతో వచ్చిన పదవి లేని రాజకీయ జీవితం ఆయనకు 2011లో ఒకసారి, ఇది రెండోసారి.

ఆ ఉత్తర నగరపు ఇంటికి నేను మళ్లీ ఒకసారి వెళ్లాను. యజమాని అటకలో 300 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ వేయించారు, గ్రాంటు వచ్చింది, ఒక్క రోజు పని. గోడలకు లోపలి నుంచి ఇన్సులేషన్ వేయాలంటే ఇల్లు ఖాళీ చేయించాలి, ముందు గది నాలుగంగుళాలు తగ్గుతుంది, వీధి వైపు ఇటుక ముఖాన్ని కప్పడానికి అనుమతి దొరకదు, కనుక ఆ పని జోలికి వెళ్లలేదు. రేటింగ్ ఈ2 నుంచి ఈ1కి చేరింది. దేశం సగటు లెక్కలో ఆ ఒక్క మెట్టూ కలుస్తుంది. గాలి రంధ్రంలో తువ్వాలు అలాగే ఉంది. దాన్ని తీసేయమని నేను అద్దెకున్నావిడకు చెప్పాను, గోడల పని ఎప్పుడు జరుగుతుందని ఆవిడ అడిగింది, ఇప్పుడున్న చట్టంలో దానికి తేదీ లేదని చెప్పాను.